విక్రమ్ సారాభాయి గారు, పల్లె బిడ్డల బడి

2023 ఆగస్టు 23, బుధవారము. ఆ సాయంత్రము మా సంఘములో గృహకూటము బీడీలు చుట్టు ఒక కుటుంబమువారి ఇంట జరుగవలసియుండెను. మేము చేరునప్పటికి ఇరుగుపొరుగు పిల్లలు ఇరువదిమంది వరకు ఆ ఇంటి టెలివిజన్ ముందు నేలమీద కూర్చుండియుండిరి. చంద్రయాన్-3 నౌక చంద్రునిమీద దిగుచుండెను. ఆరు దాటి నాలుగు నిమిషములకు దిగినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మేమును కీర్తనల పుస్తకము ప్రక్కన పెట్టి వారితో కూడ చప్పట్లు కొట్టితిమి. కూటము అరగంట ఆలస్యమైనందుకు ఎవరును విసుగుకొనలేదు.

రెండవ తరగతి చదువుచున్న చిన్నది ఒకతె, ఆ దిగిన యంత్రమునకు మనిషి పేరు ఎందుకు పెట్టిరని మమ్మును అడిగెను. విక్రమ్ అనునది విక్రమ్ సారాభాయి గారి పేరని చెప్పితిమి. ఆయన ఎవరని మరల అడిగెను. రాకెట్ల పనికి మన దేశములో పునాది వేసిన పెద్దమనిషి అని చెప్పి ఊరకుంటిమి. ఇంటికి వచ్చిన తరువాత ఆ జవాబు మాకే చాలినట్లు తోచలేదు. ఆ పిల్ల కూర్చున్న చోటికే, అనగా పల్లెటూరిలో ఒక టెలివిజన్ ఎదుటికే, బడి పాఠము నడిచి రావలెనని పాటుపడినవారిలో ఆయన మొదటివారు. ఆ సంగతి మేము చెప్పనే లేదు. కావున ఈ నెల వారి జీవితమును మన పత్రిక చదువరులకు వినిపింపగోరుచున్నాము.

సారాభాయి గారు 1919 ఆగస్టు 12న గుజరాతులోని అహమ్మదాబాదు నగరమున జన్మించిరి. తండ్రి అంబాలాల్ గారు బట్టల మిల్లుల యజమాని. తల్లి సరళాదేవి గారు. జైనులు, మిక్కిలి సంపన్నులు. ఈ ఇంటిని గూర్చి ఒక మాట మన సంఘములవారికి చెప్పవలెను. 1915లో గాంధీ గారు అహమ్మదాబాదులో ఆశ్రమము పెట్టి, అంటరానివారని ఎంచబడిన ఒక కుటుంబమును అందులో చేర్చుకొనిరి. చందాలిచ్చువారు చేతులు ముడుచుకొనిరి. ఆశ్రమము మూతపడు స్థితి వచ్చెను. అప్పుడొక షావుకారు మోటారులో వచ్చి 13,000 రూపాయల నోట్లు గాంధీ గారి చేతిలో పెట్టి వెళ్లిపోయెను. గాంధీ గారు ఆయన పేరు వ్రాయలేదు గాని, అది అంబాలాల్ గారేనని చరిత్రకారులు చెప్పుదురు. మూడేండ్లకు మిల్లు కార్మికులు సమ్మె చేసినప్పుడు వారి పక్షమున నిలిచినది అంబాలాల్ గారి తోడబుట్టిన అనసూయ గారే. అక్క ఒక ప్రక్క, తమ్ముడు ఒక ప్రక్క! విక్రమ్ గారు అప్పటికింకను పుట్టలేదు. అయినను ఎట్టి ఇంట పుట్టిరో తెలియుటకు ఇది చాలును.

ఆ దంపతులకు ఎనమండుగురు పిల్లలు. వారికొరకు సరళాదేవి గారు తమ బంగళా తోటలోనే ఒక బడి పెట్టించిరి. ఇటలీ దేశస్థురాలగు మాంటిస్సోరి అమ్మగారి పద్ధతిని అనుసరించిరి. ఆ పద్ధతిలో బిడ్డ చేతితో పట్టుకొని, కంటితో చూచి, తనంతట తాను చేసి నేర్చుకొనును. అక్షరము ఆ తరువాత వచ్చును. చేతిపనికి అక్కడ సాధనములుండెను. విక్రమ్ గారు బాల్యములోనే పనిచేయు చిన్న రైలింజను నమూనా ఒకటి తయారుచేసిరి. ఎనమండుగురు పిల్లలకు ఒక బడి! ఎనభైమందికి ఒక్క పంతులుగారున్న బడిలో చదివినవారము మేము. ఆ తోటను తలంచినప్పుడు కొంచెము అసూయ కలుగకపోదు. అయితే ఆ బాలుడు పెద్దవాడైన తరువాత ఆ తోట గోడ లోపలనే ఉండిపోలేదు. అందుకే ఈ కథ చెప్పుచున్నాము.

పై చదువుల సంగతి త్వరగా ముగించెదము. 1937లో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రములు చదివిరి. రెండవ ప్రపంచయుద్ధము వచ్చుటచే స్వదేశమునకు తిరిగివచ్చి, బెంగుళూరులో సి. వి. రామన్ గారి యొద్ద, ఆకాశపు లోతులనుండి భూమిమీద పడు విశ్వకిరణములను గూర్చి పరిశోధించిరి. 1942లో నాట్యకళాకారిణియగు మృణాళిని గారిని వివాహమాడిరి. 1947లో కేంబ్రిడ్జి డాక్టరు పట్టము పొంది, అదే సంవత్సరము నవంబరులో అహమ్మదాబాదున భౌతిక పరిశోధనశాలను స్థాపించిరి. అప్పటికి వారి వయస్సు 28. ఆ వెనుక బట్టల పరిశ్రమకు పరిశోధనసంస్థ, వ్యాపారనిర్వహణ నేర్పు విద్యాలయము, పిల్లలు ప్రశ్నలు వేయుచు తమ చేతులతో ప్రయోగములు చేసికొను విజ్ఞానకేంద్రము, ఇట్లు ఒకదాని వెంబడి ఒకటి వారి పూనికతో లేచెను. పెద్ద సంస్థలను గూర్చి చాలమంది వ్రాసిరి. మాకు ఆ పిల్లల కేంద్రమే ఇంపుగా తోచుచున్నది. ఇంటి తోటలోని బడికి వీధి వాకిలి పెట్టినట్లున్నది.

1962లో భారత ప్రభుత్వము అంతరిక్ష పరిశోధనకొక జాతీయ సంఘమును ఏర్పరచి సారాభాయి గారిని అధ్యక్షులుగా నియమించెను. రాకెట్లు ప్రయోగించుటకు తగిన స్థలము వెదకుచు వారు కేరళ తీరమున, తిరువనంతపురము చెంత, తుంబా అను పల్లెకు వచ్చిరి. భూమియొక్క అయస్కాంత మధ్యరేఖ ఆ ఊరికి దగ్గరగా పోవుచున్నది గనుక పై వాయుమండలమును పరిశీలించుటకు అది మిక్కిలి అనువైన చోటు. అయితే అక్కడ చేపలు పట్టువారి గుడిసెలుండెను. వాటి నడుమ మగ్దలేనే మరియ పేరిట కతోలికుల దేవాలయముండెను.

ప్రభుత్వమునకు భూమిని తీసికొను అధికారము కలదు. సారాభాయి గారు ఆ అధికారమును ముందు పెట్టుకొని రాలేదు. అక్కడి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరేరా గారి యొద్దకు వెళ్లి అడిగిరి. బిషప్పు గారు ఔననలేదు, కాదనలేదు, ఆదివారమున రమ్మనిరి. ఆ ఆదివారపు ఆరాధనలో సంగతినంతయు సంఘము ఎదుట విప్పి చెప్పి, దేవుని మందిరమును, తమ ఇండ్లను ఈ పనికి ఇచ్చుటకు సమ్మతమా అని వారినే అడిగిరి. సంఘమంతయు ఆమేన్ అనెను. ఆ దినములలో తుంబాలో పనిచేసిన అబ్దుల్ కలామ్ గారు తరువాత అనేక సభలలో ఈ సంగతి చెప్పుచుండిరి. చేపలవారికి వేరొక చోట ఊరు, క్రొత్త ఆలయము కట్టబడెను. పాత ఆలయము శాస్త్రజ్ఞుల కార్యాలయమయ్యెను. రాకెట్టు భాగములను సైకిలుమీద తెచ్చుకొనిరి. 1963 నవంబరు 21న తుంబానుండి మొదటి రాకెట్టు పైకి లేచెను. ఆ ఆలయమును పడగొట్టలేదు. అంతరిక్ష ప్రదర్శనశాలగా నిలిచియున్నది. ప్రహరీగోడను రెండు గజములు జరుపుటకు ఏడాదిపాటు వాదులాడిన సంఘమును మేమెరుగుదుము గనుక, ఆ చేపలవారి ఆమేన్ ఎంత బరువైనదో మాకు కొంత తెలియును.

ఇంతకు ఆ రాకెట్లు ఎందుకు? పేద దేశమునకు మొదట అన్నము గదా అని అడిగినవారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. ఆ ప్రశ్న తప్పు కాదు. సారాభాయి గారు దానికి పల్లెను చూపి జవాబు చెప్పుచుండిరి.

టెలివిజన్ మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో చిన్నగా మొదలైనది. ఎత్తైన స్తంభమునుండి వెడలు బొమ్మ కొన్ని మైళ్ల దూరమే పోవును. ఒక్కొక్క పట్టణమునకు ఒక్కొక్క స్తంభము కట్టుకొనుచు పోయినయెడల పల్లెల వంతు చిట్టచివరకు గాని రాదు. రోడ్డు అట్లే వచ్చినది. కరెంటు అట్లే వచ్చినది. ఆసుపత్రి అనేక ఊళ్లకు నేటికిని రాలేదు. సారాభాయి గారు ఈ వరుసను తలక్రిందులు చేయగోరిరి. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమముగా తిరుగుచు, చూచువారికి ఒక్కచోటనే నిలిచినట్లుండు ఉపగ్రహమొకటి ఉన్నదనుకొనుడి. దానికి ఢిల్లీ నగరమును, ఉట్నూరు అడవిలోని గూడెమును ఇంచుమించు ఒకే దూరము. కావున మంచి పంతులు నిలువని ఊరికే, బస్సు పోని ఊరికే మొట్టమొదట పాఠము పంపవచ్చును. ఇది వారి తలంపు.

మొదట 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపట్ల 80 పల్లెలలో అందరు కలిసి చూచు టెలివిజన్లు పెట్టి రైతులకు వ్యవసాయపు సంగతులు చూపిరి. దాని వెనుక సారాభాయి గారి ప్రోద్బలముండెను. 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడెను. సెప్టెంబరులో అమెరికావారి నాసా సంస్థతో ఒడంబడిక కుదిరెను. వారు తమ ఉపగ్రహమును ఒక్క సంవత్సరము మనకు ఎరువిచ్చుదురు. కార్యక్రమములు, పల్లెలలోని పెట్టెలు, వాటి మరమ్మతులు, అన్నియు మనవే.

ఇందులో మన తెలుగువారి చేయి కూడ ఉన్నది. 1966లో హోమీ భాభా గారు విమానప్రమాదమున మరణించిన తరువాత అణుశక్తి సంఘపు అధ్యక్షతయు సారాభాయి గారిమీద పడెను. ఆ శాఖ క్రింద 1967లో హైదరాబాదున ఇసిఐఎల్ కర్మాగారము వెలసెను. దానిని నిలబెట్టినవారు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. పల్లెలకు కావలసిన టెలివిజన్ పెట్టెలు, ఆకాశమునుండి బొమ్మను పట్టు గొడుగులు అక్కడ తయారైనవి. ఆ గొడుగు చూచితే మీకు నవ్వు వచ్చును: కోళ్లగూటికి కట్టు ఇనుప వలను పది అడుగుల వెడల్పున చట్రమునకు బిగించినదే. పల్లెలో చెడిపోతే పల్లెలోనే బాగుచేయవచ్చును. అప్పుడు నెల్లూరు జిల్లాలోనుండిన శ్రీహరికోటను రాకెట్ల కేంద్రముగా ఎన్నుకొన్నదియు సారాభాయి గారి కాలములోనే.

వారు పగలనక రాత్రియనక తిరిగిరి. 1971 డిసెంబరు 30న, తుంబా పనిమీద వచ్చి, కోవళములో బసచేసిన గదిలో నిద్రలోనే మరణించిరి. వయస్సు 52 సంవత్సరములు. మోషే నెబో కొండమీదనుండి వాగ్దానదేశమును కన్నులార చూచి మరణించెను. సారాభాయి గారికి ఆ మాత్రపు చూపును దొరకలేదు. ఉపగ్రహము 1974 మే 30న గాని పైకి పోలేదు.

1975 ఆగస్టు 1న పని మొదలైనది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలో 2,400 గ్రామములు. మన తెలుగునాట మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు మొదలైన జిల్లాలలోని పల్లెలు ఎన్నుకొనబడెను. మన కరీంనగర్, ఆదిలాబాద్ ఆ పట్టీలో లేవు. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో పెట్టెలు నడిపిరి. సాయంత్రము పెద్దలకు సేద్యము, ఆరోగ్యము, వార్తలు. బడిదినములలో ఉదయము 5 మొదలు 12 ఏండ్ల పిల్లలకు ఒక్కొక్క భాషలో 22 నిమిషముల 30 సెకండ్లు. తెలుగు కార్యక్రమములను హైదరాబాదు కేంద్రమువారు సిద్ధపరచిరి. అక్షరములు వల్లెవేయించుట వాటి ఉద్దేశము కాదు. పాటలు, కథలు, శుభ్రత, లెక్కల మొదటి తెలివి, చుట్టునున్న చెట్టు పుట్టలను గూర్చిన సంగతులు, బిడ్డకు నేర్చుకొనవలెనను ఆశ పుట్టించునవి. ఇవి చాలక, సెలవులలో 40,000కు పైగా పంతుళ్లకు ఈ పెట్టెల ద్వారానే సైన్సు బోధించు శిక్షణ ఇచ్చిరి.

ఫలితమేమి? పరిశోధకులు పల్లెలలో కాపురముండి పరిశీలించిరి. పెట్టె వచ్చినంతమాత్రమున బడిలో చేరు పిల్లల సంఖ్య పెరుగలేదు. పశువులవెంట పోవు పిల్లవాడు పశువులవెంటనే పోయెను. అయితే చూచిన పిల్లల మాట పెరిగెను, భాష విరిసెను. ఇంకను తెలిసికొనవలెనను కోరిక పుట్టెను. ఇది మాకు చిన్న సంగతిగా తోచుటలేదు. ఆదిలాబాదు గూడెములలో ఇంట గోండి మాటలాడు బిడ్డ మొదటిరోజున బడిలో తెలుగు విని బిక్కమొగము వేయును. అక్షరము రాకకాదు, మాట రాక. ఆ ఉపగ్రహములో ఒకే బొమ్మకు రెండు భాషల ధ్వనిని పంపు ఏర్పాటుండెను. బొమ్మ ఒకటే, మాట రెండు! గూడెపు బిడ్డలకొరకు దానిని ఎవరైన అప్పుడే వాడియున్న ఎంత మేలుగా నుండెడిదో.

1976 జూలై 31తో గడువు తీరెను. అమెరికావారు తమ ఉపగ్రహమును వెనుకకు తీసికొనిపోయిరి. ఏడాదిపాటు ఉదయము బొమ్మ చూచిన పిల్లలలో చాలమందికి ఆగస్టులో నల్లని పలక మిగిలెను.

మన స్వంత ఇన్సాట్-1బి ఉపగ్రహము 1983 ఆగస్టులో లేచిన తరువాత తెలుగు పిల్లలకు పాఠములు మరల మొదలాయెను. అప్పుడు మేము చిన్నవారము. మా ఊరి పంచాయతీకిని ఒక పెట్టె వచ్చెను. దానిని ఒక గదిలో పెట్టి తాళము వేసిరి. పిల్లలు పాడుచేయుదురని భయము. పాఠము వచ్చువేళ తాళపుచెవి గలవారు పొలములో నుందురు; సినిమా వచ్చు సాయంత్రము మాత్రము గది తెరువబడును. మేము కిటికీ సందునుండి చూచినది ఆ పెట్టెమీది గుడ్డ మాత్రమే. ఎవరిని నిందించుటకును ఇది వ్రాయుటలేదు. 36,000 కిలోమీటర్లు దిగివచ్చిన పాఠము, తలుపు ఇవతల నాలుగు అడుగుల దూరములో ఆగిపోయినదని మాత్రము వ్రాయుచున్నాము.

సారాభాయి గారు నాసాతో ఒడంబడిక చేసికొన్న ఆ 1969లోనే, నవంబరులో, అమెరికాలో బడికి పోకముందటి చిన్నపిల్లలకొరకు సెసేమీ స్ట్రీట్ అను టెలివిజన్ కార్యక్రమము మొదలైనది. పేదయిండ్ల బిడ్డలు మొదటి తరగతిలో వెనుకబడకుండ బొమ్మలతో పాటలతో సిద్ధపరచుట దాని ఉద్దేశము. అక్కడను కనుగొన్నదేమనగా, ఎక్కువ చూచిన బిడ్డ ఎక్కువ నేర్చుకొనెను, ప్రక్కన తల్లి కూర్చుండి మాటలాడిన బిడ్డకు అది మరింత ఒంటబట్టెను.

దీనిని మేము పుస్తకములో చదువుటకంటె ముందే కన్నులతో చూచితిమి. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1 మొదలుకొని మన రాష్ట్రమున దూరదర్శన్ యాదగిరిలోను, టీశాట్‌లోను పాఠములు ప్రసారము చేసిరి. మూడవ తరగతినుండి పై వారికే అవి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకును, ఆ ఏడు బడిలో అడుగు పెట్టవలసిన చిన్నవారికిని ఏమియు లేదు. మా సంఘములో ఒక అవ్వ ఉండెను. అక్షరము ముక్క రాదు. ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించుచు, పెద్ద మనుమని పాఠము వేళకు చిన్న మనుమని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుచుండెను. వానికి అయిదేండ్లు. పాఠము ముగియగానే చిన్నవానినే అడుగును: ఏమి చూపినాడు, ఏమి చెప్పినాడు, నాకు తెలియలేదు, చెప్పు. నిజముగానే ఆమెకు తెలియలేదు. కావున వాడు చెప్పకతప్పదు. తెలిసినది చెప్పును, తెలియనిది కల్పించి చెప్పును, పెద్దవాడు సరిదిద్దును, కొట్లాట పడుదురు, అవ్వ తీర్పు చెప్పును. ప్రార్థన చేయుటకు వెళ్లినప్పుడెల్ల ఈ తతంగము చూచి వచ్చుచుండెడివారము.

తిమోతికి విశ్వాసము మొదట తన అవ్వయైన లోయి యొద్దను తల్లియైన యునీకే యొద్దను దొరికెనని పౌలు భక్తుడు జ్ఞాపకము చేసెను గదా. లోయికి చదువు వచ్చునో రాదో లేఖనములలో వ్రాయబడలేదు.

2021 సెప్టెంబరులో బడులు తెరువగా ఆ చిన్నవాడు మొదటి తరగతిలో చేరెను. చదువులో అందరికంటె ముందున్నాడని చెప్పలేము, లెక్కలలో తడబడుచునే యుండును. అవ్వ నిరుడు ప్రభువునందు నిద్రించెను. ఇప్పుడు ఆదివారపు బడిలో చిన్నతరగతి పిల్లలను వానికి కొంతసేపు అప్పగించుచున్నాము. కథ మేము చెప్పెదము. ముగియగానే వాడు వారి నడుమ బాసిపట్లు వేసికొని కూర్చుండి, నాకేమియు తెలియలేదు, మీరు చెప్పుడి అని ఒక్కొక్కరిని అడుగుచుండును.